చాయ్ ఒక్కటే చాలు

మా నిఖిత చదివే కాలేజీ వాళ్లు రకరకాల మనుషుల ఇళ్లు చూసి రావడానికి ఒకరోజు యాత్ర పెట్టుకున్నారు. ఇరవై రెండు మంది పిల్లలు, పాఠం చెప్పే శోభారాణి మేడం, తల్లుల తరఫున నేను. వెళ్లబోయే మూడిళ్లకూ ఫోన్ చేసే పని నాది. భోజనాలేవీ వద్దు, చాయ్ ఒక్కటే చాలని ముగ్గురికీ ఒకే మాట చెప్పి, డైరీలో టిక్కు పెట్టుకున్నాను.

సూర్యాపేటలో ఏడింటికి బయలుదేరాం. కోదాడలో లీలావతి గారింటి వసారాలో అప్పటికే అరిటాకులు పరిచి ఉన్నాయి. వాళ్లకు పొలాలు, రైస్ మిల్లు ఉన్నాయి. పెసరట్టు మీద ఉప్మా వడ్డిస్తూ, మీరు చాయ్ అన్నది మొహమాటానికే అనుకున్నానన్నారావిడ. నేరేడుచర్ల దాటాక తండాలో బాల్యా ఇంట్లో జొన్నరొట్టెలు, నాటుకోడి కూర. ఎవరు చేసిన రొట్టె వాళ్లే తినాలని బాల్యా భార్య షరతు పెట్టింది. నిఖిత రొట్టె అన్ని వైపులా వంకరపోయింది. సగం తిని, మిగిలింది రుమాలులో దాచుకుంది.

తప్పు నాదే. మా ఇంటికొచ్చేవాళ్లు చాయ్ చాలంటే నేనూ బియ్యం కడుగుతాను.

మిర్యాలగూడ దగ్గర మరియమ్మ ఇల్లు చేరేసరికి ఒంటిగంటన్నర. ఆమె నాట్లు వేసే ఆడవాళ్ల ముఠాకు పెద్ద. వాకిట్లో చర్చి నుంచి తెచ్చిన స్టీలు పళ్లేలు, పెద్ద డేగిశాలో బగారన్నం, పక్కన మటన్ కూర.

"సర్వే అని వస్తరు, ఓట్లకు వస్తరు. మా వాకిట్ల కూసొని తిన్నోళ్లయితే లేరు. మీరే మొదలు" అంది మరియమ్మ.

పిల్లలు నా వంక చూశారు. కడుపు నిండిందనే మాట ఆ వాకిట్లో ఇంతకుముందు ఎంతమంది అని వెళ్లారో! అయినా అబద్ధం చెప్పలేక జరిగిందంతా చెప్పాను. ఆమె గరిటె కింద పెట్టింది.

"నిజంగనే తినొచ్చిండ్రా, లేకుంటే..." అని ఆగిపోయింది.

నిఖిత రుమాలు విప్పి రొట్టె చూపించింది. మరియమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"రొట్టె గిట్ల చేసినోళ్లు నాటు ఎట్లేస్తరో సూడాలె. ఇంటెనక కరిగెట తయారుగుంది. దిగుండ్రి, ఆకలెందుక్కాదో నేను సూస్త."

దున్ని చదును చేసిన ఆ బురదమడిలోకి అందరం దిగాం. గంజి పెట్టిన నా నేత చీర మోకాళ్ల దాకా ఎగదోపాను. పిల్లలు నారు పాతుతూ వెనక్కి నడవలేక కూలబడుతున్నారు. శోభారాణి మేడం చెప్పు ఒకటి బురదలోనే ఉండిపోయింది. వరుసలు వంకరగా ఉంటే నాకు మనసొప్పక, పీకి మళ్లీ పాతాను.

"చెల్లె, రేపటిసంది మా ముఠాల చేరు. ఈ పోరగాండ్లను మాత్రం తేకు" అంది మరియమ్మ.

మూడున్నరకు బోరు నీళ్లతో కాళ్లు కడుక్కుని వాకిట్లో కూర్చున్నాం. పళ్లేలు నిండాయి. రెండోసారి వడ్డన, మూడోసారి, చివరికి అడుగంటిన మాడు కోసం పోటీ. మరియమ్మ డేగిశా వంచి చూసింది. ఆమెకు మెతుకు కూడా మిగల్లేదు.

నిఖిత సిగ్గుపడుతూ రొట్టె తెచ్చి ఇచ్చింది. మరియమ్మ మా మధ్యన కూర్చుని, గిన్నెకంటిన మటన్ పులుసులో ముంచుకుని తింది.

"రాయి తీర్గుంది బిడ్డా" అంటూనే ముక్క మిగల్చకుండా తినేసింది.