పన్నెండు కెమెరాలు, ఒక చెవి

వెండెల్ గ్రూబ్ ఎడమ బూటు ముగించి కుడి బూటు ఒళ్ళోకి తీసుకున్నాడు. స్టేడియం మెట్ల కింద అంపైర్ల గది అది. పాలిష్ గుడ్డను రెండు వేళ్ళకు చుట్టుకుని, చిన్న చిన్న సున్నాలు చుడుతూ బొటనవేలి దగ్గర నుంచి మడమ దాకా వెళ్ళాడు. ఆట ఉన్న రోజున ఆ పని ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. పొట్టి మనిషి. మెడ లావు. ఎండకు కాలి కాలి ముక్కు మీద చర్మం గరుకుదేలింది.

ఎదురుగా బల్ల దగ్గర, ఆ గది బాగోగులు చూసుకునే ముసలి హోబార్ట్ కొత్త బంతులకు నది ఒండ్రు రాస్తున్నాడు. మట్టి పట్టించకపోతే కొత్త బంతి విసిరేవాడి చేతిలో నిలవదు.

"ఈ నెల్లో రీప్లే చూసి నీ తీర్పులు రెండు మార్చేశారటగా?" అన్నాడు హోబార్ట్ తలెత్తకుండా.

"రెండూ నా తప్పులే. ఒప్పుకున్నాను కూడా."

"మరి ముఖమలా పెట్టుకున్నావేం?"

"పుట్టినప్పట్నుంచీ ఇదే ముఖం."

హోబార్ట్ నవ్వి ఇంకో బంతి తీసుకున్నాడు.

బేస్‌బాల్‌లో మొదటి బేస్ అనే తెల్లటి దిండు దగ్గర నిలబడే అంపైరుకు తేల్చాల్సింది ఒకటే. పరుగెత్తుకొచ్చేవాడి కాలు ముందు బేస్‌ను తాకిందా, బంతి ముందు ఆ బేస్ కాసేవాడి గ్లవ్‌లో పడిందా? కాలు ముందైతే సేఫ్, బంతి ముందైతే ఔట్. రెండింటినీ ఒకేసారి చూడడం మనిషి కళ్ళకు సాధ్యం కాదు. అందుకే ఈ వృత్తిలో కళ్ళు కాలి మీద పెట్టి, చెవులు గ్లవ్‌కి అప్పగిస్తారు. బంతి గ్లవ్ అంచుకు తగిలితే ఒక చప్పుడు, అరచేతి గుంటలో కుదురుకుంటే ఇంకో చప్పుడు. ఆ తేడా వెండెల్‌కు నిద్రలో కూడా తెలుస్తుంది. అతని తండ్రి ఫోర్ట్ వేన్‌లో రేకులు కొట్టే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మెషీను గాడి తప్పితే చప్పుడును బట్టి అందరికంటే ముందు పసిగట్టేవాడు. చివరికి ఆ మెషీనే ఆయన చెవులు తినేసింది. ఒకసారి భోజనాల దగ్గర మాటల్లో మాటగా వెండెల్ ఈ సంగతి తోటి అంపైర్లకు చెప్పాడు. చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేదో!

ఆట చివరి ఇన్నింగ్స్‌కు వచ్చింది. ఆ ఊరి జట్టు ఒక్క పరుగు ముందుంది. పైఊరి జట్టుకు మిగిలింది ఒకే ఔట్, మూడో బేస్ మీద ఒక మనిషి. బ్యాట్ పట్టినవాడు నేల మీదుగా కొట్టి, ప్రాణం పెట్టి పరుగెత్తాడు. వెండెల్ వంగి బేస్ మీద చూపు నిలిపాడు. బంతి గ్లవ్ అంచుకు తగిలిన పొడి చప్పుడు వినబడింది. కాలు బేస్ మీద పడింది. ఆ తర్వాత, ఆ తర్వాతే, గుంటలో కుదురుకున్న మెత్తటి చప్పుడు. వెండెల్ రెండు చేతులూ బార్లా చాపాడు. సేఫ్! మూడో బేస్ వాడు చివరి బేస్ చేరి పరుగు తెచ్చాడు, లెక్క సమమైంది.

ముప్ఫై వేల మంది ఒక్కసారిగా లేచారు.

"కళ్ళజోడు కొనిపెట్టమంటావేంట్రా?"

"ఇంటికి పోయి పడుకో తాతా!"

ఆ ఊరి జట్టు మేనేజరు రీప్లే అడిగాడు. అంపైర్లలో పెద్ద కాబట్టి వెండెలూ, అతని పక్కన చిన్నవాడు కోరీ, హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడ్డారు. ఎక్కడో న్యూయార్కులో చల్లటి గదిలో కూర్చున్నవాళ్ళు పన్నెండు కెమెరాల బొమ్మలను ముందుకూ వెనక్కూ తిప్పి చూస్తున్నారు. చప్పుడు లేని బొమ్మలు! ఆ బొమ్మే పెద్ద తెర మీద పది అడుగుల ఎత్తున మళ్ళీ మళ్ళీ పడుతోంది. సరిగ్గా తీర్పు చెప్పిన వేల సార్లలో ఒక్కటీ ఆ తెర మీద పడదు. ఎవరికి కావాలి గనక?

"గ్లవ్‌లో బంతి కనిపిస్తోంది. ఔట్. తీర్పు మార్చండి," అంది చెవిలో గొంతు.

బంతి కనిపిస్తోందట! కనిపించడం, కుదురుకోవడం ఒకటేనా? అంచున ఊగే బంతిని పట్టిన బంతి అంటే ఇక ఈ ఆటకు గ్లవ్ ఎందుకు? వెండెల్ మైకు అందుకున్నాడు.

"మైదానంలో చెప్పిన తీర్పు మారదు. సేఫ్."

కోరీ ముఖం పాలిపోయింది. దగ్గరికొచ్చి, "చీఫ్, వాళ్ళు ఔట్ అన్నారు," అన్నాడు.

"విన్నాను."

"విన్నారా? మరి...?"

"నువ్వు చెప్పుకో. నా నోటితో చెప్పను."

కోరీ మైకు తీసుకుని ఔట్ అన్నాడు. ఆట అయిపోయింది. జనం ఎగిరి గంతులేశారు, తెర మీద వెండెల్ ముఖం చూపించి పగలబడి నవ్వారు.

గదిలోకి వచ్చేసరికి లీగ్ పరిశీలకుడు ప్రెంటిస్ ముందే వచ్చి కూర్చున్నాడు. మంచి కోటు, మంచి నవ్వు. వెండెల్‌ను చూడగానే లేచి, గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి అరిచాడు.

"వెండెల్ గారూ! కోరీ! అంతా! చెప్పాడు! గోలలో! మీకు! వినబడలేదట!"

వెండెల్ కోరీ వైపు తిరిగాడు. కోరీ నేల చూపులు చూశాడు.

"మీ మంచికే సార్. మాట వినలేదంటే సస్పెండ్ చేస్తారు, పెన్షన్‌కూ ఎసరొస్తుంది. మీ నాన్నగారి సంగతి కూడా తెలుసు కదా, అందరూ నమ్ముతారనీ..."

"నేను విన్నాను," అన్నాడు వెండెల్ ప్రెంటిస్‌తో. "ప్రతి ముక్కా విన్నాను. వాళ్ళు చెప్పింది తప్పు."

"అలాగే! అలాగే!" ప్రెంటిస్ అతని భుజం తట్టి, ఒక కార్డు చేతిలో పెట్టాడు. "ఈ డాక్టరు! మా మామగారికి! బాగా చూశాడు! సీజను మిగతా అంతా! విశ్రాంతి!"

"అరవకండి. నాకు చెవులున్నాయి."

"ఆఁ! అవునవును!" అని ఇంకా గట్టిగా అరిచి ప్రెంటిస్ వెళ్ళిపోయాడు. వెనకే కోరీ కూడా జారుకున్నాడు.

ఎంత దుర్మార్గం! మొండివాడన్నా, పొగరుబోతన్నా, ఉద్యోగం పీకేసినా భరించేవాడే. అది అతని తెగువకు దక్కిన శిక్ష అయ్యేది. వీళ్ళు ఆ తెగువనే ఎత్తుకుపోయి, దాని స్థానంలో రోగం పెట్టి, జాలి కూడా పడి వెళ్ళారు.

వెండెల్ బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పాడు. అలవాటుగా గుడ్డ వేళ్ళకు చుట్టుకున్నాడు. అతని వెనక, గది అవతలి మూలన, హోబార్ట్ వాడని బంతులు పెట్టెలో సర్దుతూ తనలో తాను గొణుక్కున్నట్టు, పెదవి దాటీ దాటని గొంతుతో అన్నాడు.

"నేను మైదానంలోకి వెళ్ళే సొరంగం గుమ్మంలోనే నిలబడ్డాను. గుంటలో చప్పుడు కాలి తర్వాతే వచ్చింది."

"అర అడుగు తర్వాత," అన్నాడు వెండెల్, వెనక్కి తిరగకుండానే.

హోబార్ట్ చేతులాగాయి. "ఆ మాట వాళ్ళకు నేను చెప్పనా?"

"నీకు డెబ్భై నాలుగు. నీకూ ఒక కార్డు ఇస్తారు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక వెండెల్ కళ్ళు తుడుచుకున్నాడు, బుగ్గ మీద నల్లటి చార పడింది.

"మాంసం చిల్లీ వేసిన స్పగెట్టీ తిని వెళ్ళు, దార్లో ఆకలేస్తుంది," అన్నాడు హోబార్ట్.

"వద్దు. ఇంట్లో మా ఆవిడ రొజాన్ రేడియోలో వినే ఉంటుంది. ఎదురు చూస్తుంటుంది."

"మళ్ళీ ఎప్పుడు?"

వెండెల్ సంచీ భుజాన వేసుకున్నాడు. హోబార్ట్ మట్టి చేతిని తన చేతిలోకి తీసుకుని గట్టిగా నొక్కాడు. వెనక తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. కాసేపటికి కారు స్టార్టయిన చప్పుడు, అది వాలు దిగి రోడ్డెక్కిన చప్పుడు హోబార్ట్‌కు వినబడింది.

నేల తుడవబోయిన హోబార్ట్, బెంచీ కింద ఆట బూట్లు జంటగా పెట్టి ఉండడం చూశాడు. రెండూ మెరుస్తున్నాయి. బెంచీ పైన పాలిష్ డబ్బా, దాని పక్కన చెవి డాక్టరు కార్డు. బూటు అంచుల్లో మట్టి గీకి గీకి దాని మూలలు అరిగిపోయాయి. మిగిలిన ముక్క మీద నల్లగా పాలిష్ పట్టి, డాక్టరు పేరు కనబడడం లేదు.