చెల్లెలి ఎత్తు

పొద్దున్నే మిషను తుడిచి, సూదికి దారం ఎక్కించి, అప్పుడు వీధి తలుపు తెరిచేది టైలరమ్మ. అన్నయ్య ఇంటి ముందు గదే ఆమె దుకాణం. భర్త పోయాక కూతుర్ని చంకనేసుకుని వచ్చిన రోజు అన్నయ్య చూపించిన చోటు అది. అప్పట్లో రేకుల వరండా. ఇప్పుడు నున్నటి బండలు, నిలువుటద్దం, తల మీద తిరిగే ఫ్యాను. చూసినవాళ్లు "నీకేంటమ్మా" అనేవాళ్లు. ఆమె నవ్వి ఊరుకునేది.

అదంతా చెల్లెలి చలవ. చెల్లెలు దేశం కాని దేశంలో, ఎవరో ఉన్నవాళ్లింట్లో వంట చేస్తూ, బట్టలుతుకుతూ, మంచాన పడ్డ ముసలమ్మని చూసుకుంటోంది. ఆమె పంపినదాంతో అన్నయ్య ఇల్లు లేపుతున్నాడు. ఇల్లు లేచేకొద్దీ చెల్లెలు తగ్గుతోంది, ఒళ్లూ ఎత్తూ కూడా. ఆ వీధిలో అది మామూలే. ఎదురింటి వెల్డరు పైదేశం నుంచి సెలవుల్లో వస్తే, తను కట్టించుకున్న ప్రహరీ మీద కూర్చోవడానికి భార్య చెయ్యి అందించాలి. "ఈసారి బాగా సంపాదించినట్టున్నావే" అని పలకరించి పోయేవాళ్లు జనం.

చెల్లెలు మొదటిసారి వచ్చినప్పుడు బట్టలు భుజాల మీంచి జారుతున్నాయి. వంటగది కట్టారు కదా మరి. టైలరమ్మ కుట్లు విప్పి, అంచులు లోపలికి మడిచి కుట్టింది. రెండోసారికి పై అంతస్తు లేచింది. మడిస్తే ఆగే పని కాదు, కత్తెర వెయ్యాల్సి వచ్చింది. కొలతకని ఇచ్చే పాత జాకెట్టుని దర్జీలు ఆది అంటారు. ఎవరి ఆది అయినా ఏళ్లు గడిచేకొద్దీ వాళ్లకి బిగుతవుతుంది. చెల్లెలిది ప్రతిసారీ వదులయ్యేది. కత్తిరించగా మిగిలిన ముక్కలతో టైలరమ్మ తన కూతురికి గౌన్లు కుట్టేది. మంచి గుడ్డ, పారెయ్యబుద్ధి కాదు. పిల్ల ఆ గౌన్లలోనే పెరిగి, తలుపుచట్టానికి తల తగిలేంత పొడుగైంది.

ఈసారి చెల్లెల్ని ఆటోలోంచి అన్నయ్య ఎత్తి దింపాల్సి వచ్చింది. అక్క నడుము దాకా ఉంది, అంతే. మొహం మాత్రం పెద్దమనిషి మొహమే, కళ్ల కింద గీతలతో. కొలత తియ్యడానికి టైలరమ్మ నేల మీద చతికిలబడింది.

"ఇంక వెళ్లనక్కా," అంది చెల్లెలు. "నీ పక్కన కూర్చుని గుండీలు కుట్టుకుంటా. కాజాలు తీస్తా. వేళ్లు కూడా సన్నబడ్డాయిగా, కాజాలకి బాగా పనికొస్తాయి."

టైలరమ్మ నోట్లో గుండుసూదులున్నాయి. అందుకని ఏమీ అనలేదు. సూదులు తీశాక కూడా అనలేదు.

అన్నయ్యకి ఆ సంగతి భోజనాల దగ్గర తెలిసింది. ఆయన అరిచే మనిషి కాదు. డాబా మీద ఊచలు తుప్పు పడుతున్నాయన్నాడు. రెండు గదులు వేస్తే అద్దెకిచ్చుకోవచ్చన్నాడు, ఆ అద్దె చెల్లెలికే కదా అన్నాడు, ఇన్నాళ్లు ఓర్చుకున్నదానివి ఇంకొక్కసారికి ఏమొచ్చిందన్నాడు. మొదలుపెట్టిన ఇల్లు మధ్యలో ఆపితే వీధిలో నవ్వరూ అని వదిన వడ్డిస్తూ నిట్టూర్చింది. బల్ల అందక కింద కూర్చుని తింటున్న చెల్లెలు, అక్క వైపు చూసింది. అన్నయ్యకి ఎదురు చెబితే ముందు గదిలో తను ఎన్నాళ్లుంటుందో టైలరమ్మకి తెలుసు. నీళ్లు తాగి లేచిపోయింది.

మర్నాడు ఏజెంటు వచ్చాడు. టైలరమ్మ మిషను పక్కనే కుర్చీలో కూర్చుని, చెల్లెల్ని ఓసారి నిలబడమన్నాడు.

"నిలబడే ఉన్నానండీ," అంది చెల్లెలు.

ఏజెంటు నాలుక కరుచుకున్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. అక్కడ పొయ్యి గట్టు అందాలి, మంచంలో మనిషిని లేపి కూర్చోబెట్టాలి, ఈ ఎత్తుకి ఎవరూ తీసుకోరు, తను పంపినా వాళ్లు తిరుగు విమానం ఎక్కించేస్తారు అన్నాడు. చెల్లెలి మొహం విప్పారింది. దేవుడిచ్చిన ఎత్తంతా పోతే పోయింది, ఆ పోవడమే చివరికి చెల్లెల్ని కాపాడిందని టైలరమ్మ లోలోపల దణ్ణం పెట్టుకుంది.

అప్పుడే కూతురు, గుమ్మం దగ్గర తల వంచుకుని, మంచినీళ్లు పట్టుకొచ్చింది. ఏజెంటు గ్లాసు అందుకుని అమ్మాయిని పాదాల నుంచి జుట్టు దాకా చూశాడు. ఎవరని అడిగాడు.

"మా మేనకోడలే," అన్నాడు అన్నయ్య. "డిగ్రీ అయింది, ఖాళీగానే ఉంది. మంచి పొడగరి కూడానూ. రెండు గదులేం ఖర్మ, దీంతో ఇంకో అంతస్తే..."

"నా కూతుర్ని పంపను," అంది టైలరమ్మ.

మిషను ఆపలేదు. తలెత్తలేదు. అన్నయ్య ఏదో అనబోయి, ఆమె వాలకం చూసి ఊరుకున్నాడు. ఏజెంటు గ్లాసు కింద పెట్టి, ఇంకో ఇంటికి వెళ్లాలంటూ లేచాడు. సాగనంపడానికి అన్నయ్య వెంట వెళ్లాడు. మేనకోడలు గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

మిషను చప్పుడే మిగిలింది. చెల్లెలు అక్క వెనక్కి వచ్చి నిలబడింది.

"అంతేనా అక్కా?" అంది. "ఆ ఒక్క మాటకే ఆగిపోతారా వీళ్లు?"

టైలరమ్మ కాలు ఆగింది.

చెల్లెలు పైకెళ్లి కాసేపు పడుకుంటానని మేడ మెట్ల వైపు నడిచింది. మెట్ల తలుపు ముందు మునివేళ్ల మీద లేచి చెయ్యి చాపింది. గొళ్లెం ఎక్కడో పైన ఉంది. ఎవర్నీ పిలవకుండా గోడకి ఆనుకుని నిలబడింది.

టైలరమ్మ లేచి వచ్చి గొళ్లెం తీసింది. పక్కనే ఆగింది. అక్క మొహంలోకి చూడాలంటే చెల్లెలు తలెత్తాలి. ఎత్తలేదు.