బావగారి లామినేషన్

బావగారికి తెలియని విషయం ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. ఆ సంగతి ఎవరో చెప్పనక్కర్లేదు, ఆయనే చెబుతారు. డాక్టరుకు మందుల గురించీ, కుళాయి బాగుచేయడానికి వచ్చినవాడికి గొట్టాల గురించీ పాఠం చెప్పి పంపే మనిషి. ఆయన మాట విని నష్టపోయినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, తప్పు ఎప్పుడూ విన్నవాళ్లదే. అందుకే ఆయన మరదలు, ఇంట్లో అందరూ ‘చిన్నది’ అని పిలిచే మనిషి, తన కాగితాలు బీరువాలో చీరల కింద దాచుకుంది. దాచి ఏం లాభం? ఎవరి వస్తువైనా వెతికి పట్టుకోవడంలో కూడా ఆయన ఘనుడే.

చిన్నది కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. మొగుడు విదేశంలో లిఫ్టులు బాగుచేస్తాడు. పెళ్లయిన కొత్తల్లోనే వెళ్లిపోయాడు, ఆమె అక్క ఇంట్లో ఓ మూల గదిలో ఉంటోంది. అతని దగ్గరికి చేరి అక్కడే నివాసం ఉండాలంటే పెళ్లి సర్టిఫికెట్ మీద ముందు ఇక్కడి ప్రభుత్వ ముద్ర, ఆపైన ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర పడాలి. అదీ నెలాఖరులోగా. దాటిందా, దరఖాస్తు చెత్తబుట్టలోకే. మళ్లీ ఎప్పుడు తీసుకుంటారో అక్కడున్న మొగుడికే తెలియదు.

ఆ సాయంత్రం ఆమె పని నుంచి వచ్చేసరికి బావగారు హాల్లో పెళ్లికొడుకులా కూర్చుని ఉన్నారు. చేతిలో తళతళా మెరుస్తూ ఆమె పెళ్లి సర్టిఫికెట్. అట్టలా బిగుసుకుపోయి ఉంది.

"లామినేషన్ చేయించానమ్మాయ్! మంచి మందం రకం. నీళ్లు పడినా చెక్కుచెదరదు. నీకు తోచిందా ఈ ఆలోచన?"

"దాని మీద ముద్రలు వేయాలి కదండీ, బావగారూ."

"వేస్తారు. నాకు తెలియదా?"

మర్నాడు ముద్రలు వేసే ఆఫీసులో కౌంటరు మనిషి దాన్ని వేలితో మీటి చూసి, అద్దం సందులోంచి వెనక్కి తోసేశాడు. "ప్లాస్టిక్ మీద సిరా నిలుస్తుందా అమ్మా? తీసేసి తీసుకురండి."

తీసే పని కూడా బావగారే తలకెత్తుకున్నారు. వద్దు మొర్రో అని అక్క, చిన్నది మొత్తుకుంటున్నా వినకుండా ఇస్త్రీపెట్టె వేడిచేసి దాని మీద రుద్దారు. ప్లాస్టిక్ అప్పడంలా పొంగింది. లాగితే పైపొర మొత్తం ఊడొచ్చింది, దానితో పాటు ఆఫీసరు సంతకం, పెళ్లికొడుకు ఫొటోలో సగం మొహం. చిన్నది ముక్కలు ఏరి కవరులో పెట్టుకుంది. అరిచి ఏం ప్రయోజనం, ఉండేది ఆయన ఇంట్లో. బావగారు మాత్రం ఇస్త్రీపెట్టె చల్లారేదాకా దాని కంపెనీని తిడుతూనే ఉన్నారు.

ఇక మిగిలింది ఒకటే దారి. పెళ్లి రిజిస్టరు చేసిన ఆఫీసులో కొత్త కాపీ తీసుకోవాలి. ముగ్గురూ వెళ్లారు. గోడలకు పెచ్చులూడిన గది, కాలు విరిగిన బల్ల, దాని వెనక టైపిస్టు. ముక్కలు చూసి అతను ముఖం చిట్లించాడు.

"పాడుచేసినవాళ్లు ప్రమాణపత్రం ఇవ్వాలి. ఎవరు చేశారు?"

"నేనే అని రాయండి," అంది చిన్నది. పని అయితే చాలు, పరువు తర్వాత చూసుకోవచ్చనుకుంది.

"సొంత కాగితం సొంతదారే పాడుచేస్తే విచారణకు పంపాలమ్మా. నెలలు పడుతుంది. వేరేవాళ్లు చేసి ఒప్పుకుంటే ఇవాళే కాపీ ఇస్తాం."

ఇలాంటి రూలు రాసినవాడెవడో గానీ వాడికి మొక్కాలి. చిన్నది బావగారి వైపు చూసింది. ఆయన సీలింగు ఫ్యాన్ వైపు చూస్తున్నారు. ఆ ఫ్యాన్ తిరగడం లేదు.

"బావగారూ, ఒక్క సంతకం."

ఆయన గొంతు సవరించుకున్నారు. "నా హోదాలో ఉన్న మనిషి ఇలాంటివి రాసివ్వకూడదమ్మాయ్. రేపు ఏదైనా తేడా వస్తే? నీకు తెలియదు ఇవన్నీ."

హోదా అట! ఆయన గోదాములో బస్తాల మీద నంబర్లు సరిచూసే మనిషి. ఆ పనిలో పరువు తక్కువేం లేదు, ఆయన నోట పడేదాకా.

అక్క అప్పటికే బ్యాగులోంచి పెన్ను తీసింది. "నేను చేశానని రాయండి బాబూ," అంది, కూరగాయలు తూకం వేయించినంత మామూలుగా. టైపు చేసిన కాగితం చదవకుండానే సంతకం పెట్టేసింది. ఆ ఇంట్లో పగిలిన ప్రతి వస్తువూ ఎవరి పేరున రాయబడుతూ వచ్చిందో చిన్నదానికి అప్పుడు తెలిసొచ్చింది. ఇన్నాళ్లూ తను కూడా అక్క చేతిలో ఏదీ నిలవదని నవ్విందే!

లోపలి గదిలో ఆఫీసరు కాగితం చదివి, కళ్లజోడు దించి అక్కను ఎగాదిగా చూశాడు.

"పెళ్లి సర్టిఫికెట్ మీద ఇస్త్రీపెట్టె పెట్టారా? బుద్ధుందా అమ్మా మీకు? చదువుకున్నట్టే ఉన్నారే!"

అక్క తలదించుకుంది. చిన్నదాని నోటి దాకా వచ్చింది మాట. అంతలో పక్కనుంచి బావగారి గొంతు గంభీరంగా లేచింది.

"నేనూ అదే మొత్తుకున్నానండీ. వింటేనా? ఏ పని ముట్టుకున్నా ఇంతే."

ఆఫీసరు జాలిగా తలాడించాడు, ఒక మగవాడి కష్టం ఇంకో మగవాడికి తెలిసినట్టు. చిన్నది ముందుకు వంగింది. బల్ల మీద కొత్త కాపీ సిద్ధంగా ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. అక్క బల్ల కింద నుంచి ఆమె మణికట్టు పట్టుకుంది, గోళ్లు దిగేలా.

ఆఫీసరు పెన్ను మూత తీసి చిన్నదాని వైపు తిరిగాడు. "దరఖాస్తుదారు మీరేగా? ఇందులో రాసిందంతా నిజమేనా? మీ అక్కగారే పాడుచేశారా?"

గదిలో అందరూ ఆమెనే చూస్తున్నారు, అక్క తప్ప.

"నిజమేనండీ. మా అక్కే," అంది చిన్నది. బావగారి కంటే గట్టిగా అంది.