ఇంటిని తిరగేసిన టైలరక్క

పాత ఇంటి వీధిగుమ్మానికి మందపాటి గుడ్డ బిగించి, మధ్యలో పెద్ద ఫ్యాను పెట్టారు. అది లోపలి గాలిని బయటికి లాగేస్తుంటే, ఏ సందున్నా అక్కణ్ణించి బయటి గాలి దూరుతుంది. గాలి దూరే ఇల్లు ఏసీకి కరెంటు తాగుతుంది. దూరే గాలిని కొలిచే మీటరు అయిదు దాటకూడదు. ఆరున్నర దగ్గర మొండికేసి కూర్చుంది.

ఇళ్ళ సందులు పూడ్చే పనిలో మూడు నెలల శిక్షణకి అది ఆఖరి రోజు. అయిదులోపు తెస్తేనే పని. రెడీమేడ్ దుస్తులొచ్చాక టైలరక్క మిషను చిరుగులు తప్ప కొత్త గుడ్డ చూడలేదు. ఎడమకాలు పొట్టి కనక నిచ్చెనెక్కదు. పైపనంతా వరసకి బావయ్యే మేస్త్రిది, కిందిపని ఆమెది.

"తేడా నీ కిందిపనిలోనే ఉంది మరదలా."

"నీ కప్పు జల్లెడేమో చూసుకో బావా."

గాలి చల్లగా తగులుతుందేమోనని తడిచేతులతో గోడలన్నీ తడిమారు. ఏమీ తగల్లేదు. టైలరక్క ఫ్యానుకేసి చూస్తూ నిలబడిపోయింది.

"మేడమ్, దీన్ని తిరగేస్తే?"

"ఎందుకు?" అంది పని నేర్పే మేడమ్.

"కుట్టు ఎక్కడ ఊడిందో తెలీకపోతే మేం గుడ్డని తిరగేస్తాం. లోపలికి గాలి ఊది పొగ పెడితే, బయట కనపడదా?"

"కనపడుతుంది. అది మీకింకా చెప్పలేదే," అంటూ మేడమ్ పొగమిషను తెచ్చింది.

ఫ్యాను తిరగేసి, లోపల పొగ పెట్టి, ముగ్గురూ ఇంటిచుట్టూ తిరిగారు. చూరు కింద ఏమీ లేదు. మేస్త్రి మీసం దువ్వుకున్నాడు. వంటింటి వెనక, సింకు గొట్టం బయటపడే చోట, ఎవరో తీరిగ్గా చుట్ట కాలుస్తున్నట్టు పొగ వస్తోంది.

బావ నోరు తెరిచేలోపే ఆమె అంది. "నాదే. సింకు కింది అలమర అంచులు ముచ్చటగా పూడ్చాను. లోపల గొట్టం చుట్టూ చూడనేలేదు. కనపడే అంచు మడిచే చెయ్యి కదా."

అలమర తలుపు మూసుండటంతో గాలి ఎవరి చేతికీ తగల్లేదు.

మేడమ్ సందులు పూడ్చే నురగడబ్బా చేతికిచ్చింది. టైలరక్క నేలమీద వెల్లకిలా పడుకుని అలమరలోకి దూరింది.

"బానే పట్టావే," అన్నాడు బావ.

"టార్చి సరిగా పట్టు, మాటలు తర్వాత."

నురగ గట్టిపడ్డాక ఫ్యాను మళ్ళీ మామూలుగా తిప్పారు. మీటరు దిగింది. ఆరు. అయిదుంబావు. నాలుగూ ముప్పావు.

"రేపు ఏడింటికి ఇద్దరూ పన్లోకి రండి," అంది మేడమ్.

"ఇంతలా బిగించాక లోపలివాళ్ళకి ఊపిరెలా మేడమ్?" అంది టైలరక్క.

"పని దొరికిందిగా, ఇక ఊరుకోవే," అన్నాడు బావ.

"ఊరుకోకు, అడగాల్సిందే అడిగావు," అంటూ మేడమ్ స్టూలు లాక్కుని, ఆమె ఎదురుగా కూర్చుంది.