వద్దన్న పేరు

మా మంచుదేశంలో, ఈ ఆక్యురేరీ ఊళ్ళో, పుట్టిన పిల్ల పేరు బాప్తిస్మం రోజుదాకా బయటపెట్టరు. తల్లికీ తండ్రికీ తప్ప మూడో మనిషికి తెలియదు. అడగడం మర్యాద కాదు. నా పేరు పెట్టండని అడగడమైతే మరీ సిగ్గుమాలిన పని. అందుకే మా అమ్మాయి హ్రెఫ్నాకు ఆడపిల్ల పుట్టగానే నేనే ముందుగా అనేశాను, "నా పేరు మాత్రం పెట్టకే తల్లీ" అని.

నా పేరు సిగిన్. మా పాత పురాణాల్లో, మొగుడి ముఖం మీద పాము విషం పడకుండా యుగాల తరబడి గిన్నె పట్టుకుని నిలబడ్డ దేవత పేరు.

"పట్టడం, పారబొయ్యడం, మళ్ళీ పట్టడం. అదీ ఒక బతుకేనా!" అన్నాను.

అల్లుడు ఓర్రి పకపకా నవ్వాడు. "మరి ఏం పెట్టమంటారత్తయ్యా? అథీనా? డయానా? ఇండియావాళ్ళ సరస్వతి కూడా బాగుంటుంది."

"అందర్నీ పిలిచి పరుగుపందెం పెట్టు నాయనా, గెలిచినావిడ పేరు పెట్టుకుందువు."

హ్రెఫ్నా నవ్వలేదు. "నిజంగా వద్దా అమ్మా?"

"వద్దంటే వద్దు."

మూడు నెలల్లో నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ వద్దన్నాను. పచ్చి అబద్ధం! నేను పోతే ఈ పేరు కూడా నాతోనే పోతుందని ఒకటే బెంగ. ఐదోసారి అడిగితే "సరే, మీ ఇష్టం" అందామని కాచుక్కూర్చున్నాను. అడగలేదు, మొండిఘటం.

ఆదివారం చర్చిలో పాస్టరమ్మ అడిగింది, "పాపకు ఏం పేరు పెడుతున్నారు?"

"ఇదున్," అంది హ్రెఫ్నా.

బంగారు ఆపిల్ పళ్ళ దేవత. మంచి పేరే, ఎవరు కాదన్నారు? కానీ నాది కాదుగా. పాస్టరమ్మ నీళ్ళలో చెయ్యి ముంచింది.

"ఆగండి!"

అరిచింది నేనే. లేచి నిలబడ్డాను కూడా. వియ్యపురాలు నోరు తెరుచుకుని నావంక చూస్తోంది.

"ఏమైందమ్మా?" అంది హ్రెఫ్నా.

"నాకు కావాలే. నా పేరు దానికి ఉండాలి. రెండో పేరైనా సరే. వద్దు వద్దన్నదంతా ఉత్తదే."

సిగ్గుతో నా చెవులు మండిపోతున్నాయి.

"ఆ ముక్క చెప్పడానికి మూడు నెలలా అమ్మా?" అంది హ్రెఫ్నా. దాని కళ్ళల్లో నీళ్ళు. పాస్టరమ్మ వైపు తిరిగి, "ఇదున్ సిగిన్ అండీ," అంది.

నీళ్ళు పడగానే పిల్ల కేరుమంది. నేనూ ఏడ్చాను. అరవై ఏడేళ్ళలో నాకిది కావాలని నోరు తెరిచి అడిగింది అదే మొదటిసారి.