ఎజ్రా మాస్టారి పొగరాని పొయ్యి

సాయంత్రం బడి నుంచి రాగానే ఎజ్రా మాస్టారు చొక్కా మార్చుకుని, పెరట్లో పీట వేసుకుని, డబ్బాలకి మేకుతో బెజ్జాలు కొట్టడం మొదలెడతాడు. నెల రోజులుగా ఇదే వరస. ఆ ఠకఠకకి పక్కింటివాళ్ళు టీవీ సౌండు పెంచుకోవడమే తప్ప పల్లెత్తు మాట అనట్లేదు. ఆ డబ్బాలతో చేసే పొయ్యి ఎవరి కోసమో వీధందరికీ తెలుసు మరి.

ఎజ్రా భార్య హెలెన్‌ని పొగ వదలదు. పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ అంతే. తెలిసినవాళ్ళు ఎవరు నిప్పు వెలిగించినా, గాలి ఎటున్నా, పొగ మాత్రం లాగిపట్టిన దారంలా తిన్నగా హెలెన్ ఉన్నచోటికే వస్తుంది. ఎదురింటివాళ్ళు చెత్త తగలబెట్టాలంటే ముందు, "హెలెనక్కా, తలుపేసుకో!" అని కేకేస్తారు. చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఆవిడ గేటు దాటేదాకా ఆగి, అప్పుడు కొవ్వొత్తులు ఆర్పుతారు. ఓసారి ఆవిడ రామచంద్రపురం బస్సులో ఉండగా ఇంటి దగ్గర అత్తగారు సంపూర్ణమ్మ నీళ్ళపొయ్యి వెలిగించింది. పొగ ఆ బస్సుని వెతుక్కుంటూ వెళ్ళి, ఆవిడ కూర్చున్న కిటికీలోంచే ఎక్కింది. కండక్టరు పొగకి టిక్కెట్టు కొట్టలేదు గానీ, జరిగి చోటు మాత్రం ఇచ్చాడు.

ఇన్నేళ్ళూ ఎలాగో సర్దుకుపోయారు. కానీ హెలెన్ చర్చిలో పాట ఎత్తుకునే మనిషి. ఆవిడ గొంతు లేకపోతే ఆ ఊళ్ళో క్రిస్మస్ వచ్చినట్టే ఉండదు. ఈ మధ్య పై స్వరానికి వెళ్ళేసరికి గొంతు జీరపోతోంది. డాక్టరుగారు టార్చి వేసి చూసి, "ఇంకొక్కసారి గట్టిగా పొగ తగిలిందంటే పాట సంగతి మర్చిపోవాలమ్మా" అని తేల్చి చెప్పేశాడు.

ఇంట్లో అయితే గ్యాసుంది. గొడవంతా క్యాంపుతోనే. క్రిస్మస్ ముందు స్త్రీల సమాజం వాళ్ళు గోదావరి మధ్యలో ఉన్న లంకలోకి పడవలో వెళ్ళి, గుడారాలు వేసుకుని, మూడు రోజులు పాటలూ ప్రార్థనలూ పెడతారు. వంట హెలెన్‌దే. పడవ నడిపే వీరాస్వామి, "ఇంతమంది ఆడవాళ్ళూ, డోలక్కూ, పైగా సిలిండరా? నావల్ల కాదండి బాబూ" అనేశాడు. ఇక మిగిలింది మూడిటికల పొయ్యి.

"నువ్వేం దిగులు పడకు. పొగరాని పొయ్యి నేనే చేసిస్తాను" అన్నాడు ఎజ్రా. అనేశాడు, అంతే. ఫోనులో వీడియో చూస్తే ఎంత సుళువుగా ఉందనుకున్నారు! పెద్ద పెయింటు డబ్బాలో చిన్న పాలపొడి డబ్బా కూర్చోబెట్టడం. పెద్దదానికి అడుగున బెజ్జాలు, చిన్నదానికి పైఅంచున బెజ్జాలు. రెంటి మధ్య సందులో గాలి వేడెక్కి పైకొచ్చి, పుల్లల పొగని అక్కడే మండించేస్తుందట. వీడియోలో ఉన్నతను నవ్వుతూ గుడ్డు కూడా వేయించేశాడు.

ఎజ్రా మొదటి పొయ్యి పెయింటు కంపుతో వీధిని లేపింది. రెండోదానిలో లోపలి డబ్బా జారి అడుగున పడింది. మూడోది కాస్త పొయ్యిలాగే కనిపించింది గానీ, పుల్ల ముట్టించగానే గుప్పున పొగ లేచి, గోడ మీంచి వంగి, చర్చి వైపు బయల్దేరింది. అక్కడ పాట ప్రాక్టీసు చేస్తున్న ఆడవాళ్ళు కిటికీలోంచి వస్తున్న పొగని చూసి, "మాస్టారు మళ్ళీ వెలిగించినట్టున్నారే!" అని నవ్వారు. హెలెన్ దగ్గుతూ కొంగు అడ్డం పెట్టుకుంది.

"పిల్లలకి సైన్సు చెప్పేది నువ్వేనా అబ్బాయ్?" అంది సంపూర్ణమ్మ అరుగు మీంచి.

"అమ్మా, నన్ను కదిలించకు! అసలే ఒళ్ళు మండిపోతోంది."

"నీ ఒళ్ళు మండుతోంది, పుల్లలే మండట్లేదు."

బెజ్జాలు పెంచాడు. పొగ. పుల్లలు ఎండబెట్టాడు. పొగ. డబ్బాలే మార్చేశాడు. మళ్ళీ అదే దిక్కుమాలిన పొగ! ఎక్కడ తప్పుతోందో తెలిస్తే కదా దిద్దుకోవడానికి? ఇంతలో క్యాంపు రోజు రానే వచ్చింది. హెలెన్ సంచి సర్దుకుంటూ, "పోనీలెండి. తడిగుడ్డ కట్టుకుని వండుతాను" అంది. ఆ పోనీలెండి అన్న మాటకి ఎజ్రాకి ఏడుపొచ్చినంత పనైంది. తిట్టినా బాగుండేది.

ఆవిడ వెళ్ళిన మూడోనాటి సాయంత్రం రెండే రెండు పుల్లలతో మరోసారి వెలిగించాడు. మళ్ళీ పొగే. అది లంక వైపు సాగుతుంటే చూసి, "ఛీ, వెధవ పొయ్యి!" అని ఒక్క తన్ను తన్నాడు. పొయ్యి ఒరిగి, ఇటికముక్క మీద ఆనుకుని వాలిపోయింది. మరుక్షణం లోపల బుస్సుమని మంట లేచింది. పొగ తెగిపోయింది.

ఎజ్రా నోరు తెరిచి చూశాడు. గాలి కోసం అడుగున బెజ్జాలు కొట్టి, పొయ్యిని నేలకి అతికించినట్టు పెట్టాడు ఇన్నాళ్ళూ! ఇంక గాలి ఎలా పోతుంది? మూడు రాళ్ళ మీద ఎత్తిపెట్టాలి, అంతే.

మర్నాడు తెల్లారకుండానే పొయ్యీ, టీ గిన్నే పట్టుకుని రేవుకి వెళ్ళాడు. క్యాంపు నుంచి తిరిగొస్తున్న హెలెన్‌కి పడవ దిగగానే పొగలేని టీ ఇవ్వాలి. రేవంతా మంచు. చాచిన చెయ్యి కనపడట్లేదు. మూడు రాళ్ళ మీద పొయ్యి నీలంగా, శుభ్రంగా మండుతోంది. అప్పుడు ఫోను మోగింది.

"ఏవండీ, నడిమధ్యలో ఇంజను ఆగిపోయింది. మంచులో రేవు ఎటో తెలీట్లేదు. అందరి ఫోన్లూ చచ్చిపోయాయి, నాదీ..." అని ఆగిపోయింది.

రేవులో ఉన్నవాళ్ళు కేకలేశారు. మంచులో కేక నాలుగు వైపుల నుంచీ వినిపిస్తుంది, ఏం లాభం? "పాటు మొదలైందండీ. నీళ్ళు కిందకి లాగుతున్నాయి. ఇలాగే వదిలేస్తే సముద్రం మొగలోకి పోతారు" అన్నాడో ముసలి జాలరి.

ఎజ్రా పొయ్యి వంక చూశాడు. నెల రోజులు ప్రాణం తోడేసి, నిన్న సాయంత్రమే మాట విన్న పొయ్యి. డాక్టరు మాట చెవిలో గింగురుమంది. ప్రభువా, ఇదేం పరీక్షయ్యా అనుకున్నాడు. వెంటనే రాళ్ళు తన్నేసి, పొయ్యిని బురదలోకి అదిమేశాడు. పక్కనున్న పచ్చి కొబ్బరి పీచు డొక్కలు తెచ్చి కుక్కాడు.

"పో! దాని దగ్గరికే పో!" అని అరిచాడు ఏడుస్తూ.

పొగ లేచింది. ఒక్కసారి చుట్టూ తిరిగి చూసినట్టు ఆగి, నీళ్ళ మీదుగా తిన్నగా మంచులో దూరింది. డొక్కలు వేస్తూనే ఉన్నాడు.

ఎంతసేపటికో మంచులోంచి దగ్గు వినిపించింది. దాని వెనకే ఆడవాళ్ళ కేకలు, "మాస్టారి పొయ్యే! అటే, అటే! పొగకి ఎదురు తెడ్డు వెయ్యి వీరాస్వామీ!" పడవ ముక్కున హెలెన్ నిలబడి ఉంది. కళ్ళు మూసుకుని, పొగ వస్తున్న వైపు చెయ్యి చాపి, ఊపిరాడక ఊగిపోతోంది.

ఒడ్డు ఎక్కాక ఏదో అనబోయింది. గొంతు పెగల్లేదు.

"నీ పాట నేనే తీసేశాను హెలెన్" అన్నాడు ఎజ్రా.

హెలెన్ బురదలో పొగలు కక్కుతున్న డబ్బా వంక చూసింది. అతని మసి మొహం కొంగుతో తుడిచింది. "పొగ రాదన్నారు కదండీ?" అంది, పెదాలతోనే.

ఆ గొంతు మళ్ళీ రాలేదు. ఆ క్రిస్మస్‌కి ఆవిడ పాటని పడవలో వచ్చిన ఆడవాళ్ళంతా కలిసి పాడారు, ఎవరి శ్రుతి వాళ్ళది. ఆరాధన అయ్యాక పాస్టరుగారు అలవాటు చొప్పున ఆగారు. హెలెన్ మాత్రం బెంచీ మీంచి లేవలేదు. ఆర్పమని చేత్తో సైగ చేసింది. కొవ్వొత్తుల పొగంతా వచ్చి ఆవిడ ఒళ్ళో కూర్చుంది.