సగం గడ్డం

మెడ వెనక సబ్బు నురగ పూసి, చెవిని కొంచెం ముందుకు మడిచి పట్టుకుని కత్తి ఆనించేటప్పటికి, ఆయన చెబుతున్న మేనమామ పెళ్లి కథ సగానికి వచ్చింది. కుర్చీలో ఉన్న కాలేజీ కుర్రాడు నవ్వు ఆపుకోలేక కదిలాడు. “కదలకు నాయనా, చెవి తెగిపోతే నా కథలు దేంతో వింటావు?” అన్నాడాయన.

ఆ వీధిలో అందరూ ఆయన్ని వసపిట్ట అనేవారు. ఆయనకూ ఆ పేరంటే కోపం లేదు. పొట్టి మనిషి, కాస్త బొజ్జ, పొట్టి చేతుల తెల్ల చొక్కా, జేబులో రెండు దువ్వెనలు. రెండు కుర్చీల సెలూను. మొదటి కుర్చీ ఆయనది, రెండోది బావమరిదిది. పెళ్లయిన ఏడాది తెరిచిన షాపు, మళ్లీ ఇంకో చోటికి మార్చింది లేదు. మంచం పట్టినవాళ్ల ఇళ్లకు కత్తెర సంచి పట్టుకుని తనే వెళ్లేవాడు. గడ్డం గీసి, అద్దం చూపించి, “ఇప్పుడు చూడండి, పెళ్లిచూపులకు వెళ్లొచ్చు” అనేవాడు. అంతకుమించి ఆయన గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

ఆ ఉదయం ఇంట్లో చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే కుడిచేతి వేళ్లకు గుండీ దొరకలేదు. కాసేపు తడుముకున్నాడు. భార్య చూసి తనే పెట్టి, డాక్టరుకు చూపించమంది. చెయ్యి మీద పడుకున్నాను, తిమ్మిరెక్కింది, అంతే అన్నాడు. కాఫీ తాగేసరికి చెయ్యి మామూలుగానే ఉంది. ఆమె కూడా ఊరుకుంది.

మధ్యాహ్నానికి ఎదురుగా ఉన్న తాళాల షాపాయన రోడ్డు దాటి వచ్చాడు. వారానికోసారి వస్తాడు, గడ్డం గీయించుకుంటాడు, వెళ్తాడు. వచ్చి వెళ్లేలోగా ఆయన నోటి నుంచి వచ్చే మాటలు ఒక చేతి వేళ్లు దాటవు. “ఈయన నోటికి తాళం వేసుకుని చెవి ఎక్కడో పారేసుకున్నాడు. ఊరందరి తాళాలూ తీస్తాడు గానీ ఇది మాత్రం తెరుచుకోదు” అని వసపిట్ట ఎన్నిసార్లు అన్నాడో. తాళాల ఆయన మీసాల కింద నవ్వుకునేవాడు. ఎవరైనా తన వంతు మాటలు కూడా తామే మాట్లాడేస్తే ఆయనకు హాయి.

రేడియోలో మధ్యాహ్నం వార్తలు మొదలయ్యాయి. వసపిట్ట ప్రతి వార్తకూ ఓ ముక్క కలుపుతూ కుడి చెంప పూర్తి చేశాడు. కుర్చీ చుట్టూ తిరిగి ఎడమ వైపుకు వచ్చాడు. “ధరలు తగ్గుతాయట. తగ్గేది మన...” అని ఆగాడు. తర్వాత వచ్చినవి మాటల్లా లేవు. నోట్లో దూది కుక్కుకుని మాట్లాడినట్టున్నాయి. కళ్లు మూసుకున్న తాళాల ఆయన, వార్తలు చదివే మనిషిని వెక్కిరిస్తున్నాడేమో అనుకున్నాడు.

కత్తి ఆయన ఒళ్లో పడింది.

కళ్లు తెరిచాడు. అద్దంలో తన తల వెనక వసపిట్ట ముఖం కనిపించింది. నోరు ఒకవైపు కిందికి జారింది. కుడిచెయ్యి వేలాడుతోంది. అయినా ఏదో చెబుతూనే ఉన్నాడు. తను సరిగ్గానే మాట్లాడుతున్నాననుకుంటున్నాడు.

తన భార్యకు మందులు కొనే షాపులో, అద్దానికి అతికించిన కాగితం ఒకటి తాళాల ఆయన నెలనెలా చూస్తుండేవాడు. వంకర పోయిన నోరు, వాలిపోయిన చెయ్యి, బొమ్మల కింద నాలుగు మాటలు. వరసలో నిలబడి ఊసుపోక చదివిందే చదివేవాడు. ఆయన మెడకు కట్టిన గుడ్డతోనే లేచి, వసపిట్టను భుజాలు పట్టి తను కూర్చున్న కుర్చీలోనే కూర్చోబెట్టాడు.

“ఒకసారి నవ్వు” అన్నాడు.

వసపిట్ట నవ్వాడు. సగం నోరే నవ్వింది.

“రెండు చేతులూ పైకెత్తు.”

ఎడమది లేచింది. కుడిది పొట్టదాకా వచ్చి జారిపోయింది. ఆయన ఆ చేతిని, అదెవరిదో అన్నట్టు చూశాడు. అప్పుడు కళ్లలో భయం కనిపించింది.

ఈలోగా బావమరిది గ్లాసుతో చక్కెర నీళ్లు తెచ్చాడు. ఎండకు కళ్లు తిరిగి ఉంటాయనీ, బెంచీ మీద కాసేపు నడుం వాలిస్తే తేరుకుంటాడనీ అతని ఉద్దేశం.

“నీళ్లు వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. అంబులెన్సుకు ఫోన్ చెయ్యి. పక్షవాతంలా ఉందని చెప్పు.”

“అంత దూరం ఎందుకండీ? కాసేపు పడుకోబెట్టి చూద్దాం...”

“పడుకోబెడితే అలాగే ఉండిపోతాడు. ఫోన్ చెయ్యి!”

ఆయనకు అంత గొంతు ఉందని అప్పుడే తెలిసిందని బావమరిది తర్వాత పదిమందితో చెప్పాడు. అంబులెన్సు వచ్చేదాకా తాళాల ఆయన కుర్చీ వెనకే నిలబడి, వసపిట్ట పక్కకు ఒరిగిపోకుండా భుజాలు పట్టుకున్నాడు. ఫోన్ కోసం బావమరిది రేడియో కట్టేశాడు. షాపులో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. దాన్ని భరించలేక ఏదో ఒకటి మాట్లాడాలనుకున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక తాళాల గురించే చెప్పాడు. తుప్పు పట్టిన తాళానికి నూనె ఎలా వెయ్యాలో, ఏ కంపెనీ తాళం లోపల స్ప్రింగు త్వరగా విరుగుతుందో, పొద్దున ఎవరో బీరువా లోపలే తాళంచెవి పెట్టి ఎలా మూసేశారో. అద్దంలో వసపిట్ట కళ్లు ఆయన్నే చూస్తూ విన్నాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదట అడిగింది, ఎప్పటిదాకా బాగున్నాడని. వార్తలు మొదలైనప్పుడు బాగానే మాట్లాడుతున్నాడనీ, ధరల సంగతి వచ్చేసరికి మాట పోయిందనీ తాళాల ఆయన చెప్పాడు. ఆమె తల ఊపి, లోపలికి తీసుకుపోయి స్కాను చేయించింది. మెదడుకు వెళ్లే రక్తనాళంలో రక్తం గడ్డకట్టిందనీ, త్వరగా తెచ్చారు కాబట్టే కరిగించే మందు ఇవ్వగలిగాననీ తర్వాత వచ్చి చెప్పింది. సాయంత్రందాకా పడుకోబెట్టి ఉంటే ఆ మందుకు వేళ దాటిపోయేదట. కబురందుకుని వచ్చిన వసపిట్ట భార్య పొద్దుటి గుండీ సంగతి చెబితే, అదీ ఇలాంటిదే అయ్యుంటుంది, తగ్గిపోయినా వెంటనే రావాల్సిందమ్మా అంది, మెల్లగానే.

చీకటి పడుతుండగా భార్య బయటికి వచ్చి తాళాల ఆయన రెండు చేతులూ పట్టుకుంది. “అన్నయ్యా...” అంది. ఆయన ముఖం చూసింది. మెడకు సెలూను గుడ్డ, ఒక చెంప నున్నగా, రెండో చెంప మీద ఎండి అట్టకట్టిన నురగ. కన్నీళ్లలోనే ఆమెకు నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది.

లోపల మంచం మీద వసపిట్ట తల తిప్పి ఆయన్ని చాలాసేపు చూశాడు. మాట కూడదీసుకున్నాడు.

“కూర్చో... సగమే... అయింది.”

తాళాల ఆయన మంచం అంచున కూర్చుని, ఆ కుడిచేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లు కొంచెం బిగిశాయి.

మాట తిరిగొచ్చింది, కాస్త నెమ్మదిగా. రెండు వేళ్లలో మొద్దుతనం మాత్రం మిగిలిపోయింది. కత్తి ఇక పట్టనని ఆయనే తేల్చేశాడు. మొదటి కుర్చీ బావమరిదికి ఇచ్చి, పక్కన ఒక స్టూలు వేసుకున్నాడు. కత్తెర చూసి ఏడ్చే పిల్లలకు కథలు చెప్పడం ఆయన పని. పెద్దవాళ్లెవరు వచ్చినా నవ్వమని, చేతులెత్తమని ప్రాణం తీసేవాడు. ఆయన పోరు పడలేక ఆ గుర్తులు నేర్చుకున్న ఒక టైలరు, తర్వాత ఓ రోజు వాళ్లమ్మను వేళకు ఆసుపత్రికి చేర్చాడు. అది విన్న రోజు వసపిట్ట భోజనం కూడా సరిగా చెయ్యలేదు, అంత సంతోషం. “నేను ఇప్పుడు మాట్లాడుతున్న ప్రతి మాటా తాళాల ఆయన పెట్టిన భిక్షే” అనేవాడు. ఎదుటి షాపులో ఆయన వినబడనట్టు తలొంచుకుని ఆకురాయితో తాళంచెవి అరగదీస్తుండేవాడు.

వసపిట్ట అలా చాలా ఏళ్లు మాట్లాడాడు. ఒక మధ్యాహ్నం అన్నం తిని, గిన్నెలు తుడుస్తున్న భార్యకు మేనమామ పెళ్లి కథే మళ్లీ చెబుతున్నాడు. ఆమె ఎన్నోసార్లు విన్నదే. సగంలో మాట ఆగితే, తర్వాతది తనే అందిస్తూ వెనక్కి తిరిగింది. కుర్చీలో తల పక్కకు వాల్చి ఉన్నాడు. ముఖం మీద నవ్వు రెండు వైపులా ఉంది.

ఆ వారం తాళాల ఆయన వచ్చి మొదటి కుర్చీలో కూర్చున్నాడు. బావమరిది నురగ పూశాడు. పక్కన స్టూలు అలాగే ఉంది. స్టూలుకు ఒక కాలు పొట్టిదని వసపిట్ట మడిచి పెట్టుకున్న అట్టముక్క ఇంకా దాని కిందే ఉంది.